వాసన పోతే చాలన్న మాట

1981 జూన్‌లో నన్ను రాజోలు తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల ఇళ్ల సంగతులు నేను బయటపెట్టడం సబబు కాదు. అందుకే మనుషుల పేర్లు కూడా మార్చాను.

మాది సాలూరు వైపు మెట్ట ప్రాంతం. అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు ఉన్నా, అదంతా ఎర్రమట్టి ఊళ్లలోనే గడిచింది. నర్సాపురంలో బస్సు దిగి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో ట్రంకుపెట్టెతో దిగిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఎటు చూసినా కాలువో బోదో కనిపించింది. మా వైపు నీళ్ల కోసం పలుగులతో బండలు పగలగొట్టేవాళ్లం. ఇక్కడ వానాకాలంలో మూరెడు లోతు తవ్వితే నీరు ఊరుతుందని రిక్షావాడు చెబితే నేను నమ్మలేదు. ఆ మాట అప్పుడే సరిగ్గా చెవిన పెట్టి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

హెల్త్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగమంటే డాక్టరు గారికి కింద, ఊళ్లు తిరిగే హెల్త్ అసిస్టెంట్లకు పైన. బావుల్లో బ్లీచింగు వేయించడం, జ్వరం వచ్చినవాళ్ల రక్తపూతలు తీయించడం, టీకాలు, కలరా వచ్చినప్పుడు ఇంటింటి లెక్క. వీటితో పాటు మరుగుదొడ్లు కట్టించడం. ఏ రోజు ఏ ఊరు వెళ్లామో, ఎవరికి ఏం చెప్పామో టూర్ డైరీలో రాసి, నెలాఖరుకు డాక్టరు గారి సంతకం తీసుకోవాలి. నేను సైకిలు మీద తిరిగేవాణ్ణి. కాలువ గట్టు వెంట పొద్దున్నే వెళుతుంటే రెండు వైపులా కొబ్బరాకుల నీడ కదులుతూ ఉండేది. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ సైకిలు దిగి, “ఎక్కడికండి ఇన్‌స్పెక్టరు గారూ?” అని అడిగేవారు. జవాబు చెప్పాక, “ఆయ్, వెళ్లిరండి” అనేవారు. ఆ “ఆయ్” అనే మాట విని ఇరవయ్యేళ్లు దాటింది. ఇక్కడ విజయనగరంలో ఎవరూ అనరు.

ఆ ఆరోగ్య కేంద్రంలో నాకు అన్నిటికంటే దగ్గరయిన చోటు ల్యాబు. తూర్పు కిటికీ ఉన్న చిన్న గది. ల్యాబ్ టెక్నీషియన్ దేవదానం గారు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వాళ్ల నాన్నగారు బడిపంతులట. ఆ క్రమశిక్షణ ఈయన చేతివేళ్లలో కనిపించేది. కరెంటును నమ్ముకోవడం కుదరని కాలం. ఆయన మైక్రోస్కోపుకు కింద గుండ్రని అద్దం ఉండేది. దాన్ని కిటికీ వైపు తిప్పి, ఎండ వెలుగును స్లైడు మీదికి పట్టేవారు. అందుకని చూడవలసినవన్నీ ఉదయం పదకొండులోగా చూసేయాలి. ఆ సమయంలో ఆయన సన్నగా ఏదో కీర్తన పాడుకునేవారు. నేను డైరీ రాయడానికి ఆ గదిలోకే వెళ్లి కూర్చునేవాణ్ణి. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇప్పుడు నాకు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా మాట్లాడకుండా పక్కన కూర్చోనిచ్చే మనిషి మళ్లీ దొరకలేదు.

మరుసటి ఏడాది రెండు గుంటల మరుగుదొడ్ల పథకం వచ్చింది. దొడ్డి ఒకటే, దాని వెనక గుంటలు రెండు. రెంటికీ మధ్య చిన్న తొట్టి ఉంటుంది. అందులో ఒక పక్క ఇటుకతో మూసేస్తే నీళ్లు రెండో పక్క గుంటలోకి పోతాయి. ఒకటి నిండాక దాన్ని మూసేసి రెండోది వాడుకోవాలి. మూసిన గుంటలోని మలం కాలక్రమాన మట్టిలా మారిపోతుంది. అప్పుడు తీసి ఎరువుగా వేసుకోవచ్చు. ఎంత కాలం అన్నది పథకంతో వచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది: పొడినేలలో కనీసం ఏడాది, నీటి ఊట పైకి ఉండే నేలలో రెండేళ్లు.

ఆ ఊళ్లో మొదట ఒప్పుకున్నది రామభద్రం గారు. మూడెకరాల కొబ్బరితోట ఉన్న రైతు. వ్యవసాయ పత్రికలు తెప్పించుకుని చదివేవారు, కొత్తదేదైనా ముందు తనే చేసి చూడాలనుకునేవారు. అయినా ఈ విషయంలో మూడుసార్లు నన్ను తిప్పారు. నాలుగోసారి ఆయన అరుగు మీద కూర్చుని అసలు ప్రశ్న అడిగారు.

“అంతా బాగానే ఉందండి. మరి ఎరువు ఎన్నాళ్లకి తియ్యొచ్చు?”

రెండేళ్లని చెప్పాలి. చెబితే ఈయన వెనక్కి తగ్గుతారని నాకు తెలుసు. ఈయన వెనక్కి తగ్గితే ఊళ్లో మరొకరు ముందుకు రారు. ఆ నెల నా డైరీలో కట్టించిన మరుగుదొడ్ల గడి ఖాళీగా ఉంది. అందుకని నేను ఇలా అన్నాను: “వాసన పూర్తిగా పోయి, పొడిపొడిగా అయ్యాక తీసుకోవచ్చండి.”

అబద్ధం చెప్పాననుకోలేదు. రెండేళ్లకు ఎలాగూ వాసన పోతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పదిహేను రోజుల్లో సిమెంటు ఒరలు దిగాయి, దొడ్డి లేచింది. ఆయన్ని చూసి మరో ఆరిళ్లవాళ్లు కట్టించుకున్నారు.

ఆ వానాకాలం నేలలో ఊట పైకొచ్చింది. మూడేళ్లు రావలసిన గుంట ఏడాదైనా కాకుండానే నీళ్లతో నిండిపోయింది. రామభద్రం గారు నేను చెప్పినట్టే ఇటుక మార్చి రెండో గుంటలోకి వదిలారు. మొదటి గుంటలో రోజూ రెండు తట్టల పొయ్యి బూడిద పోయించారు. బూడిద తడిని పీల్చింది, వాసనను చంపింది. రెండు నెలలకల్లా తెరిచారు. రెండోది నిండగానే దానికీ అదే పని. అలా మార్చి మార్చి తీయిస్తూ, తీసినదాన్ని కొబ్బరిచెట్ల పాదుల్లోను, పెరట్లో తోటకూర మళ్లలోను వేయించారు. తోట కళకళలాడింది.

1983 చివర్లో ఒకరోజు ఆయన నన్ను పిలిపించి, బూడిదరంగు పొడి దోసిట్లో పట్టి చూపించారు.

“వాసన చూడండి. ఉందాండీ?”

చూశాను. లేదు. బాగుందన్నాను. ఆదర్శ మరుగుదొడ్డి అని డైరీలో రాసుకున్నాను. మేం మాట్లాడుతుండగా పక్కనే గుంటలో ఒక మనిషి పిక్కల దాకా దిగబడి, తట్టలు నింపి పైకి అందిస్తున్నాడు. కాళ్లకు తొడుగేమీ లేదు. అతణ్ణి నేను చూశాను. కానీ నేను పరిశీలించడానికి వచ్చినవాటిలో అతను లేడు.

అతని పేరు సుందరం. రామభద్రం గారి తోటలోను, ఆ చుట్టుపక్కల తోటల్లోను కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్లకు బంధం వేసుకుని పొడుగాటి చెట్లెక్కి గెలలు కోయడాన్ని అక్కడ దింపు అంటారు. ఊళ్లో అతనంత వేగంగా ఎక్కేవాడు లేడనేవారు. దింపు లేని రోజుల్లో తోటలో ఏ పనుంటే అది చేసేవాడు. గుంటలు తీయడం అలా అతని వంతుకొచ్చింది.

1984 శీతాకాలంలో ఒక ఉదయం సుందరాన్ని రిక్షాలో ఆస్పత్రికి తీసుకొచ్చారు. సగం చెట్టెక్కాక కళ్లు తిరిగి, మానును కావలించుకుని ఉండిపోయాడట. ఇంకో దింపువాడు తాడుతో ఎక్కి, నడుముకి కట్టి, మెల్లగా దింపాడు. భార్య కరుణమ్మ వెంట వచ్చింది.

డాక్టరు గారు అతని కంటిరెప్ప కిందికి లాగి చూశారు. కాగితంలా తెల్లగా ఉంది. గోళ్లు కూడా అలాగే పాలిపోయాయి. దేవదానం గారు వేలికొసన గుచ్చి రక్తం తీశారు. గొట్టంలో దాన్ని ఆమ్లంతో కలిపి, చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ పక్కనున్న గాజు రంగుతో పోల్చి చూస్తే రక్తంలో బలం ఎంతుందో తెలుస్తుంది. మూడు చుక్కలకే రంగు కలిసిపోయింది. ఆయన పాట ఆపేశారు. ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదన్నారు.

ఎన్నాళ్ల నుంచి నీరసం అని డాక్టరు గారు అడిగితే సుందరానికి సరిగ్గా చెప్పడం రాలేదు. కరుణమ్మే చెప్పింది.

“పోయిన వానల్నించీనండి. ముందు కాళ్లేళ్ల మధ్యన ఒకటే దురదండి. పొక్కులొచ్చేయి. తోట మట్టి పడలేదనుకున్నాం. తరవాత పొడిదగ్గు. ఇప్పుడు ఇంట్లో బిందె ఎత్తినా రొప్పుతారండి.”

మర్నాడు దేవదానం గారు అతని మలాన్ని ఉప్పునీళ్లలో కలిపి స్లైడు తయారుచేశారు. చిక్కటి ఉప్పునీళ్లలో పురుగుల గుడ్లు పైకి తేలతాయి. నన్ను పిలిచి చూడమన్నారు. పల్చటి పెంకు, లోపల నాలుగు ముక్కలైన చిన్న ముద్ద. ఒకటి కాదు, స్లైడు కదిపిన ప్రతిచోటా ఉన్నాయి. కొంకిపురుగు గుడ్లు. ఈ గుడ్లు పడిన నేల తడిగా, నీడగా, ఇసుకపాలుగా ఉంటే కొద్ది రోజుల్లోనే పిల్లలవుతాయి. వాటి మీద ఒట్టికాలు పెడితే చర్మంలోంచి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగుల్లోకి చేరి రక్తం తాగుతాయి. దురద, దగ్గు, నీరసం. కరుణమ్మ చెప్పిన వరసే.

“ఈయన ఎక్కడ పని చేస్తారండి?” అని దేవదానం గారు మామూలుగానే అడిగారు.

నేను జవాబు చెప్పేలోపే నాకు తట్టల మనిషి గుర్తొచ్చాడు.

ఆ సాయంత్రమే తోటకు వెళ్లి పాదుల్లోని తడిమట్టి, గుంట పక్కన పోసిన బూడిదరంగు పొడి, రెండూ డబ్బాల్లో తెచ్చాను. దేవదానం గారు గాజు గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి, క్లిప్పు పెట్టి, గోరువెచ్చని నీళ్లు పోశారు. మట్టిని పుండ్లకు కట్టే గాజుగుడ్డలో మూటగట్టి నీళ్లకు తాకేలా వేలాడదీశారు. మట్టిలో సన్నపురుగులుంటే వెచ్చదనానికి కిందికి దిగుతాయి. మర్నాడు క్లిప్పు వదిలి చూస్తే దిగాయి. మెలికలు తిరుగుతున్నాయి. అయితే ఆయన ఖరాఖండీగా చెప్పలేదు. మట్టిలో వేరే పురుగులూ ఉంటాయి, ఇవన్నీ అవేనని ప్రమాణం చెయ్యలేనన్నారు.

తర్వాత పొడి చూశారు. నేను వాసన చూసి బాగుందన్న పొడి. చాలాసేపు చూసి, లేచి, కుర్చీ నాకిచ్చారు. గోధుమరంగులో గరుకు పెంకున్న గుడ్డు. ఏలికపాము గుడ్డు. పెంకు లోపల చుట్ట చుట్టుకున్న పురుగుపిల్ల ఒకటి ఉంది. అది కదిలింది. మళ్లీ కదిలింది.

“ఈ గుడ్లు ఏడాది దాటినా చావవండి. వాసనకీ వీటికీ సంబంధం లేదు” అన్నారు దేవదానం గారు.

తోటలో అందరూ అనుకునే ఆ వాసన మాట మొదట ఎవరన్నారో ఆయనకు అప్పటికి తెలియదు. నేనే చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. స్లైడు తీసి డెట్టాలు నీళ్లలో వేశారు.

డాక్టరు గారు మంచివారు. నన్ను కాపాడాలనే అనుకున్నారు. రైతు గడువు పాటించలేదని రిపోర్టు రాసి పంపెయ్యమన్నారు. కాగితం ప్రకారం అది తప్పు కాదు, సర్క్యులర్‌లో రెండేళ్లని ఉంది, రెండు నెలలకే తీసింది రైతే. రెండు రోజులు ఆ రిపోర్టు ఫారం రాయకుండా జేబులో పెట్టుకు తిరిగాను. మూడో రోజు ల్యాబులో కూర్చుని దేవదానం గారిని ఏం చెయ్యమంటారని అడిగాను.

“నాకు గుడ్డు కనపడితే ఉందని రాస్తానండి, కనపడకపోతే లేదని రాస్తాను. నా పని తేలిక. మీది కష్టం” అన్నారు. మళ్లీ మైక్రోస్కోపులోకి వంగారు.

రిపోర్టు రాసేముందు ఇద్దరికి చెప్పవలసి ఉంది. రామభద్రం గారి దగ్గరికి ముందు వెళ్లాను. గడువు రెండేళ్లని, నేను చెప్పకుండా దాచానని, వాసన మాట తప్పని చెప్పాను. ఆయన కండువా అంచు వేళ్లకు చుట్టుకున్నారు.

“మీ మాట మీద చేసేనండి. ఆ తోటకూర మా మనవరాలికి కలిపి పెట్టేం” అన్నారు.

ఆ పాపకు పరీక్ష చేస్తే ఏలికపాములున్నాయి. మాత్రలతో పోయాయి. కానీ ఆయన నాతో ఆ తర్వాత చాలా నెలలు అవసరమైనంత మేరకే మాట్లాడారు.

సుందరం ఇంటికి వెళ్లేసరికి అతను గుమ్మం ముందు మంచం మీద ఉన్నాడు. నాకు కుర్చీ కోసం లేవబోయాడు, వద్దన్నాను. జరిగినదంతా చెప్పాను. అతను వింటూ మధ్యమధ్య “ఆయ్” అంటున్నాడు. చివర్న, “మీకు మాత్రం ఏం తెలుసండి” అన్నాడు. అది క్షమించడం కూడా కాదు. నేను నొచ్చుకోకూడదని అన్న మాట. కరుణమ్మ అలా వదల్లేదు.

“మీ కాగితంలో గుంట ఎంత లోతుండాలో ఉందాండీ?”

ఉందన్నాను.

“బావికి ఎంత దూరముండాలో?”

“ఉందమ్మా.”

“ఆ గుంటలోకి దిగేవోడి కాళ్ల గురించి ఉందాండీ?”

లేదు. రెండేళ్ల గడువు రాసినవాళ్లు కూడా అది రాయలేదు. గుంట తీయడం అన్నారు గానీ, ఎవరు తీస్తారో, దేంతో తీస్తారో, తర్వాత చేతులు ఎక్కడ కడుక్కుంటారో ఒక్క ముక్క లేదు. ఆవిడ కాసేపటికి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. వివరణ కోరుతూ మెమో వచ్చింది. ఇచ్చాను. హెచ్చరికతో సరిపెట్టారు. ఆ ఊళ్లో కట్టిన గుంటలన్నీ మళ్లీ తిరిగి, మూసిన నెల, తెరవవలసిన నెల పచ్చి సిమెంటులో పుల్లతో మూతల మీద రాయించాను. తీసేవాళ్లకు మోకాలి దాకా బూట్లు, పొడుగు పిడి పార, పని అయ్యాక సబ్బు లేకపోతే గుంట తెరవకూడదని పంచాయతీలో చెప్పించాను. ఆకుకూరలకు ఆ ఎరువు వద్దని ఇంటింటికీ చెప్పాం.

సుందరానికి నులిపురుగుల మాత్రలిచ్చారు. పురుగులు పోవడానికి ఎన్నో రోజులు పట్టలేదు, పోయిన రక్తం రావడానికి నెలలు పట్టింది. ఐరన్ మాత్రలు నేనే తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి. రామభద్రం గారు అతనికి చెట్టెక్కే పని మాన్పించి, కింద కూర్చుని కాయలు ఒలిచే పని ఇచ్చారు. నేను వెళ్లినప్పుడల్లా అతను ఒలవడం ఆపి పైకి చూస్తూ ఉండేవాడు. వేరేవాళ్లు దింపు తీస్తుంటే గెల పడిన ప్రతి చప్పుడుకీ తల అటు తిరిగేది.

ఒకసారి అడక్కుండానే చెప్పాడు. “పైకెళ్తే అంతర్వేది వైపు నీళ్లు తెల్లగా కనపడతాయండి. కింద ఎంత ఉక్క పోసినా పైన గాలుంటాది, ఉప్పగా. ఎన్నాళ్లయిందో అండి ఆ గాలి తగిలి. నిద్దట్లో ఎక్కేస్తన్నానని ఇది నవ్వుద్ది.”

కరుణమ్మ ఆ మాటకు నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయింది.

దేవదానం గారు నెలకోసారి అతని వేలు గుచ్చి, గొట్టంలో రంగు చూసి, రిజిస్టర్లో రాసేవారు. ఎనిమిదో నెలలో ఫలితం చూసి డాక్టరు గారు ఎక్కవచ్చన్నారు. ఆ రోజు నేను వెళ్లాను. నిజానికి నాకు అక్కడ పని లేదు. సుందరం పొట్టిచెట్టు వదిలేసి, కళ్లు తిరిగిన చెట్టు దగ్గరికే వెళ్లాడు. బంధం వేసుకున్నాడు. సగానికి వెళ్లాక ఆగాడు. కరుణమ్మ నా పక్కన నిలబడి ఉంది. అతను ఆగింది చెమట తుడుచుకోవడానికి. మళ్లీ ఎక్కి, ఆకుల్లో కలిసిపోయాడు. చాలాసేపు గెల పడలేదు. రామభద్రం గారు తల పైకెత్తి, “ఏరా, ఏం చేస్తున్నావు?” అని కేకేశారు.

“ఉండండి బాబూ” అని వినపడింది పైనుంచి. అంతే.

1987లో నాకు మళ్లీ మా జిల్లాకే బదిలీ అయింది. అడిగి తెచ్చుకున్నదే, ఇంట్లో అవసరాలు అలాంటివి. వెళ్లేరోజు దేవదానం గారు సఖినేటిపల్లి రేవు దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. రిటైరయ్యాక ఆయన అమలాపురంలో ఉన్నారు. ఏడాదికి రెండు కార్డులు రాసేవారు. చేతిరాత ల్యాబు రిజిస్టర్లో ఉన్నట్టే నిటారుగా ఉండేది. ఒక ఏడాది రాలేదు. తర్వాత వాళ్లబ్బాయి రాశాడు. నేను మళ్లీ అటు వెళ్లలేదు. పంటు దిగి, ఆ గట్టు వెంట సైకిలు మీద ఆ ల్యాబు దాకా వెళ్లాలని ఇప్పటికీ చాలాసార్లు అనిపిస్తుంది. కిటికీ ఉంటుందేమో. అవతల వైపు అద్దం తిప్పే మనిషి లేడు.

ఆ ఉదంతం నాకు నేర్పినవి రెండు. మలం ఎరువుగా మారిందో లేదో కంటికీ ముక్కుకూ తెలియదు, నెలలు లెక్కపెట్టడమొక్కటే దారి. ఏ పని చెప్పినా, అది ఇంటాయనకు చెప్పి ఊరుకోకుండా చేతులతో చేసే మనిషెవరో అడిగి, అతనికి కూడా చెప్పాలి. తర్వాత సర్వీసంతా మా మెట్ట ఊళ్లలో కూడా గడువు అడిగినవాళ్లకు ఉన్నదే చెప్పాను, తీసేవాళ్ల బూట్ల సంగతి కలిపి చెప్పాను. విని వెనక్కి తగ్గినవాళ్లున్నారు. వాళ్లలో కొందరు మరుగుదొడ్డి కట్టించుకోనే లేదు. ఆ గడులు నా డైరీలో ఖాళీగానే ఉండిపోయాయి.